కోఠీలో బొమ్మమేడ

కాశీ, ఆగ్రా చూసివచ్చి, సొంత ఊరి మేడలు చూడనివారు మనలో ఎందరో! మొన్న కాప్రాలో బస్సెక్కి, పరాయి ఊరి యాత్రికునివలె కోఠీ రెసిడెన్సీ చూడబోయాను.

1803 ప్రాంతంలో మద్రాసు ఇంజనీరు శామ్యూల్ రస్సెల్ గీసిన నమూనాపై, నిజాం సొమ్ముతో రెసిడెంటు కిర్క్‌పాట్రిక్ లేపిన మేడ ఇది. ఎదుట ఆరు మహాస్తంభాలు. మెట్ల కిరువైపులా సింహాలు.

ఆయన భార్య ఖైరున్నీసా ఘోషా స్త్రీ. ముంగిట నిలిచి మేడ చూసే వీలు ఆమెకేది? అందుకని ఆమె తోటలో దీనికే చిన్న బొమ్మమేడ కట్టించాడట! వెనుక అది నేటికీ ఉన్నది.

1949లో ఇక్కడికి మహిళా కళాశాల వచ్చింది, ఇప్పుడది విశ్వవిద్యాలయం. ఇంటి ఇల్లాలు బొమ్మలో చూసి తృప్తిపడిన మెట్లను, ఎన్ని తరాల ఆడపిల్లలో పుస్తకాలు చేతబట్టి చకచకా ఎక్కారు! మరమ్మతులై 2023లో మేడ మళ్లీ తెరుచుకున్నది. పాఠకులారా, ముందు ముంగిలి చూడండి. ఆపైన బొమ్మమేడ వద్ద ఒక్క నిమిషం నిలవండి.