ఒక్క భుజం మీద జట్టంతా

2025 జూన్ 6, ఓక్లహోమా సిటీ. అమెరికా కాలేజీ అమ్మాయిల సాఫ్ట్‌బాల్ వరల్డ్ సిరీస్‌లో ఆఖరి ఆట. ఈ పోటీలో అంతదాకా టెక్సస్ టెక్ తరఫున ప్రతి బంతీ విసిరింది నైజారీ కెనడీ ఒక్కతే. ముందు రోజు 4-3తో గెలిపించింది కూడా.

ఆ రోజు మొదటి ఇన్నింగ్స్‌లోనే ప్రత్యర్థి టెక్సస్ ఐదు పరుగులు రాబట్టింది. కెనడీ మళ్లీ బంతి పట్టలేదు. జట్టు 10-4తో ఓడింది.

పది లక్షల డాలర్ల ఒప్పందంతో వచ్చిన పిచ్చర్‌కి ఏమైందని అడగడం తేలిక. దూరం 43 అడుగులే, చెయ్యి కిందినుంచి తిప్పే విసురు, అలుపేముంటుందని చాలామంది నమ్మకం. పరిశోధకులు కొలిచి చూస్తే, భుజం మీద పడే ఒత్తిడి బేస్‌బాల్ పిచ్చర్లకు దీటుగానే ఉంది.

పైగా మూడు ఆటల ఫైనల్‌లో మూడు రోజులూ ఎదురుగా నిలిచింది అదే టెక్సస్ బ్యాటర్లు. ఆమె బంతి వారికి బాగా అలవాటైపోతుంది. అందుకే రెండో పిచ్చర్‌ని సీజన్ మొదట్లోనే తయారుచేయాల్సింది కోచ్‌లే.