గాలిమీద బండి

బండి కొనబోయినవాడు ముందు రంగు చూస్తాడు. తరవాత ధర అడుగుతాడు. ఆ తరవాత లీటరుకు ఎన్ని కిలోమీటర్లు వస్తుందని విచారిస్తాడు. అద్దాలు దించి చూస్తాడు, హారన్ మోగించి చూస్తాడు. నడుం వంచి బండికింద ఏముందో చూసేవాళ్ళు మాత్రం అరుదు. సామాను మోసే బండికి ప్రాణమంతా అక్కడే వుంది సుమండీ!

మా హుజూరాబాదులో పికప్ బండ్లకు కొదవ లేదు. కరీంనగర్ నుంచి వరంగల్లుకు పోయే రోడ్డుమీద వున్న వూరు మాది. పక్కనే జమ్మికుంట పత్తి మార్కెట్టు. పత్తి, వడ్లు, మక్కలు, విత్తనాల సంచులు, గొర్రెలు, కూరగాయలు, పెళ్ళివారి షామియానాలు - అన్నీ ఈ బండ్లమీదే తిరుగుతాయి. 2021 ఆగస్టు 16న దళితబంధు పథకాన్ని మా శాలపల్లిలోనే ఆరంభించారు. కుటుంబానికి 10 లక్షల రూపాయలు, తిరిగి కట్టనక్కరలేని సొమ్ము. దానితో ఏం చేద్దామని ఆలోచించినవారిలో చాలామంది బండివైపే మొగ్గారు. కొందరు ట్రాక్టరన్నారు, కొందరు కారన్నారు, కొందరు సామాను బండి అన్నారు. అంతదాకా ఇంకొకరి బండికి డ్రైవరుగా పోయినవాడు తన బండికి తానే యజమాని అయ్యాడు. కాబట్టి బండికింద ఏముందన్నది మా వూళ్ళో పొద్దుపోని కబురు కాదు. ఇంట్లో బియ్యం డబ్బాకు సంబంధించిన మాట.

మా మేనల్లుడికీ ఒక పికప్ వుంది. అప్పుమీద కొన్నది. కిస్తీలు ఇంకా నడుస్తున్నాయి. రోజుకు పది పన్నెండు గంటలు దానిమీదే వుంటాడు. ముప్ఫై రెండేళ్ళకే నడుం పట్టుకుని దిగడం నేర్చాడు. వాడికి ఎవరో గాలి సస్పెన్షన్ సంగతి చెవిన వేశారు.

"మామా, ఎనక గాలి సంచులు కట్టిస్తె బండి పల్లకి లెక్క పోతదంట. నా నడుం బతుకుతది. బరువు గూడ ఇంకింత ఎక్కియ్యచ్చంట" అన్నాడు.

అడిగిన ధర మూడు నాలుగు కిస్తీల సొమ్ము. మా చెల్లెలు మాట్లాడకుండా తన చేతి గాజులవైపు చూసుకున్నది. నేను ముప్ఫై ఏళ్ళు బడిలో సైన్సు చెప్పినవాణ్ణి కనుక పంచాయితీ నా దగ్గరికి వచ్చింది.

ముందు కమాను సంగతి చూద్దాం. వెనక ఇరుసుకు రెండుపక్కలా ఉక్కు పట్టీలు ఒకదానిమీద ఒకటి పేర్చి, నడుమ బోల్టు బిగించి కట్టినదే కమాను కట్ట. దీని తెలివి ఏమిటంటే, ఒకే వస్తువు మూడు పనులు చేస్తుంది. బరువు మోస్తుంది. ఇరుసు ముందుకూ వెనక్కూ పక్కకూ జరగకుండా పట్టి వుంచుతుంది. పట్టీకీ పట్టీకీ మధ్య రాపిడివల్ల వూపును కొంత అణుస్తుంది. గుర్రబ్బండి కాలంనుంచీ వున్న సాధనం. ఇప్పటికీ మన రోడ్లమీద తిరిగే సామాను బండ్లలో ఎక్కువభాగం దీనిమీదే నడుస్తున్నాయి.

దీనికి ఒక లోపం వుంది. కమాను బిగువు దాదాపు మారదు. బండి బరువు మారుతుంది. ఖాళీ పికప్ వెనక కమాన్లమీద ఒక వంతు బరువు వుంటే, నిండుగా ఎక్కించాక అది మూడు వంతులవుతుందనుకుందాం. కమాను నిండు బరువుకే కట్టాలి కదా! అలా కట్టినది ఖాళీగా వున్నప్పుడు బిర్రబిగుసుకుని వుంటుంది. లెక్క చెప్పమంటే - వూగే వేగం బరువు వర్గమూలాన్నిబట్టి తగ్గుతుంది. నిండు బండి సెకనుకు ఒకటింబావు సార్లు వూగితే ఖాళీ బండి రెండుసార్లకు పైగా వూగుతుంది.  మొదటిది హాయిగా వుంటుంది. ఇక సెకనుకు నాలుగునుంచి ఎనిమిది సార్లు వచ్చే అదురు మన నడుముకు, పొట్టకు అన్నిటికన్నా గిట్టదు. బిగుసుకున్న కమానుమీద గతుకుల రోడ్డులో ఖాళీగా తిరిగివచ్చే బండి ఆ అదురునే తెచ్చి డ్రైవరు సీటుకు అప్పగిస్తుంది. సంచులు దించి ఇంటికి వచ్చేటప్పుడే వాడి నడుం ఎక్కువ నొప్పి పెట్టడానికి కారణం ఇదే.

గాలి సస్పెన్షన్‌లో ఉక్కు పట్టీల బదులు రబ్బరు తిత్తులు వుంటాయి. లోపల వొత్తిడితో గాలి. బరువు పెరిగితే ఎత్తు చూసుకునే చిన్న కవాటం ఇంకొంత గాలిని లోపలికి పంపుతుంది. బరువు దించితే గాలిని వదిలేస్తుంది. అంటే బరువుతోపాటు బిగువూ మారుతుంది. బండి నిండినా, ఖాళీగా వున్నా ఒకే ఎత్తున నిలుస్తుంది, దాదాపు ఒకే లయలో వూగుతుంది. ఆలోచన ఎంత బాగుందో చూడండి!

ఇది కొత్త ముచ్చటా కాదు. అమెరికాలో గ్రేహౌండ్ కంపెనీ దూరప్రయాణాల బస్సు సీనిక్రూయిజర్ 1954లోనే గాలి తిత్తులమీద నడిచింది. 1957లో కాడిలాక్ వారు తమ ఎల్డొరాడో బ్రోమ్ అనే ఖరీదైన కారుకు ఇదే అమర్చారు. బస్సులో అది నిలిచింది, కారులో నిలవలేదు. గాలి కారిపోయి కార్లు కుంగుతుంటే, చాలామంది శ్రీమంతులు తిత్తులు పీకించి ఉక్కు స్ప్రింగులు వేయించుకున్నారు. తరవాత రబ్బరు మెరుగుపడింది, కవాటాలు మెరుగుపడ్డాయి. 2013 నమూనానుంచి అమెరికాలో రామ్ అనే పికప్‌కు నాలుగు చక్రాలకూ గాలి సస్పెన్షన్ కోరుకున్నవారికి ఇస్తూ వచ్చారు. మన దేశానికి వోల్వో బస్సులు 2001లో వచ్చాయి. ఆర్టీసీ గరుడ బస్సు ఎక్కినవారికి ఆ సుఖం అనుభవమే. చేతిలో టీ గ్లాసుంటే తొణకదు.

అయితే బస్సుకు వున్న ఒక సౌకర్యం పికప్‌కు లేదు. పెద్ద బస్సుకూ లారీకీ బ్రేకులు గాలితో పనిచేస్తాయి. కనుక గాలి పట్టే కంప్రెసరు, నిలవవుంచే టాంకీ బండిలో ముందే వుంటాయి. వాటినుంచి తిత్తులకు గొట్టం కలపడం పెద్ద ఖర్చు కాదు. మన పికప్‌ల బ్రేకులు నూనెతో పనిచేసేవి. గాలి కావాలంటే కంప్రెసరు కొత్తగా పెట్టాలి, లేదా తిత్తుల్లో పంపుతో కొట్టుకోవాలి. ఇంకొకటి - రబ్బరు తిత్తి బరువు మోయగలదే కాని ఇరుసును పట్టి వుంచలేదు. కమాను పూర్తిగా తీసేస్తే ఇరుసును నిలపడానికి వేరే కడ్డీలు అమర్చాలి. అంటే బండి అడుగంతా మార్చాలన్నమాట. తయారుచేసినవాడు ఇచ్చిన రూపాన్ని అలా మార్చడానికి 1988 నాటి మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షను హద్దులు పెట్టింది. రేపు ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సువాళ్ళు మొదట వెదికేది ఇలాంటి మార్పులనే.

మా వాడికి చెప్పినది అంత పెద్ద పని కాదు. కమాన్లు అలాగే వుంచి, వాటికి తోడు వెనక రెండు తిత్తులు పెట్టడం. బరువు ఎక్కినప్పుడు గాలి కొడితే కుంగిన బండి వెనకభాగం పైకి లేస్తుంది. చూడడానికి భేషుగ్గా వుంటుంది. నా అనుమానమంతా ఆ భేషుమీదే.

కమాను కుంగడం ఒక సాక్ష్యం. పది బస్తాలు ఎక్కువ పడితే అది దాచిపెట్టదు. నలుగురికీ కనబడేలా వంగి చెబుతుంది. తిత్తిలో గాలి కొట్టగానే ఆ సాక్షి నోరు మూతబడుతుంది. బండి నిటారుగా నిలుస్తుంది. బరువు మాత్రం ఒక్క కిలో తగ్గదు. ఇరుసు ఆ బరువు మోయాల్సిందే. టైర్లు మోయాల్సిందే. ఘాట్‌లోనో, గేదె అడ్డం వచ్చినప్పుడో బ్రేకులు ఆ బరువును ఆపాల్సిందే. తిత్తులు అమ్మే మంచి కంపెనీలు కూడా ఇవి బండి మోయగల బరువును పెంచవని కాగితంమీద రాస్తాయి. దుకాణంలో నోటితో చెప్పేది వేరు. "ఇంకింత ఎక్కియ్యచ్చంట" అన్న మా వాడి మాట అక్కడినుంచే వచ్చింది.

జమ్మికుంట రోడ్డులో కమాన్లు కట్టే మిస్త్రీని కూడా అడిగాను. చేతులకు గ్రీజు తుడుచుకుంటూ ఆయన అన్నాడు: "సారూ, పట్టీ ఇరిగితె పూటల మార్చి పంపిస్త. అద్దరాత్రి ఇరిగినా మెల్లగ ఇంటికి చేరుతరు. గాలి సంచి పలిగితె నేనేం జేత్త? దాని సామాను ఏ పట్నంల దొరుకుతదో తెల్వది. అందాక కిస్తీ ఆగుతదా?" సైన్సు పుస్తకంలో లేని ప్రశ్న ఇది. పల్లెటూరి బండికి విలువ కట్టేటప్పుడు ఎంత హాయిగా నడుస్తుందన్నది ఒక్కటే లెక్క కాదు. చెడిపోతే ఎన్నాళ్ళు నిలబడుతుందన్నదీ లెక్కే.

ఆ మిస్త్రీయే వంగి చూసి ఇంకో సంగతి కనిపెట్టాడు. మా వాడి కమాను కట్టలో కంపెనీ ఇచ్చినవాటికన్నా ఒక్కో పక్క రెండు పట్టీలు ఎక్కువ వున్నాయి. బరువు ఎక్కువ పడుతుందని బండి కొన్న ఏడాదిలోనే వేయించుకున్నాడట. నడుం నొప్పి ఎప్పటినుంచిరా అని అడిగితే ఆలోచించి చెప్పాడు - అప్పటినుంచే! అదనపు బరువు కోసం బిగించిన కమాను, ఖాళీగా వచ్చే ప్రతి ట్రిప్పులోనూ వాడి వెన్నుమీద వసూలు చేసుకుంటున్నది.

చివరికి చేసినది ఇది. ఎక్కువ పట్టీలు తీయించాము. చచ్చిపోయిన షాకబ్జార్బర్లు మార్చాము. సీటులో అణిగిపోయిన స్పంజి తీసి కొత్తది వేయించాము. టైర్లలో గాలి సంగతి కూడా చూశాము. గాలి సస్పెన్షన్ కావాలనేవాళ్ళు మరచిపోయేది ఒకటుంది. బెల్ఫాస్టు నగరంలో పశువుల డాక్టరు డన్లప్ తన కొడుకు మూడుచక్రాల సైకిలు కోసం గాలి టైరు చేసిననాటినుంచీ ప్రతి బండీ కొంతవరకు గాలిమీదే నడుస్తున్నది. మా వాడు ఎప్పుడూ నిండు బరువుకు తగినంత గాలే కొట్టించి, ఖాళీగానూ అలాగే తిప్పేవాడు. ఖాళీకెంత, నిండుకెంత అన్నది బండితో వచ్చిన పుస్తకంలోనే వుంది. అంతా కలిపి ఒక కిస్తీ సొమ్ము కాలేదు. గాజులు చేతులకే వున్నాయి.

అసలు ధర వేరేచోట కట్టాల్సి వచ్చింది. పట్టీలు తీసేశాక మునుపటంత బరువు ఎక్కించడానికి లేదు. ఆ సంగతి తెలిసిన ఒక విత్తనాల వ్యాపారి ఇప్పుడు ఇంకొక బండిని పిలుస్తున్నాడు. నెలకు కొంత కిరాయి తగ్గింది. నడుం నొప్పి పూర్తిగా పోలేదు, సగానికి సగం తగ్గిందంటాడు. ఈ రెండిటిలో ఏది ఎక్కువ, ఏది తక్కువ అని తూకం వేయడం నాకు చేతకాదు. తూకం వేయవలసినవాడు వాడు. ఇప్పటికి మాత్రం పట్టీలు మళ్ళీ వేయించలేదు.

అలాగని గాలి సస్పెన్షన్ దండగ అని నేననను. గుడ్లు, గాజుసామాను, పండిన టమాటాలు మోసేవాడికి, రోగిని పడుకోబెట్టి తీసుకుపోయే బండికి, రోజంతా మనుషులను తిప్పే బస్సుకు అది మంచి సాధనం. బండితోపాటు ఫాక్టరీలోనే అమర్చి, బాగుచేసే చెయ్యి దగ్గరలో వుంటే ఇంకా మంచిది. కరీంనగర్-వరంగల్ రోడ్డును నాలుగు వరసలు చేసే పనికి 2023 జూలై 8న శంకుస్థాపన జరిగింది. 68 కిలోమీటర్ల దారి. రోడ్డు నునుపయితే ఒక్క బండికి కాదు, అన్ని బండ్లకూ, ఎడ్లబండికి కూడా సస్పెన్షన్ బాగుపడినట్టే.

కనుక పికప్‌కు గాలి తిత్తులు కావాలా అని అడిగేవారిని నేను ఎదురు ప్రశ్న ఒకటి అడుగుతున్నాను. ఎవరి సుఖం కోసం? సరుకు సుఖం కోసమైతే తప్పక ఆలోచించండి. నడుము సుఖం కోసమైతే ముందు సీటు, షాకబ్జార్బరు, టైరు చూసుకోండి, చవకలో పోతుంది. మరి నాలుగు బస్తాలు ఎక్కువ వెయ్యడం కోసమైతే ఆ డబ్బు ఇంట్లోనే వుంచండి. వంగిన కమానును చూసి సిగ్గుపడనక్కరలేదు. అది మన మేలు కోరే చెబుతున్నది.