మొదటి పది లైన్లు

మన క్లబ్ వాట్సాప్ గ్రూపులో నెలకోసారి "రచనలు పంపండి" అని మెసేజ్ వస్తుంది. దాని కింద ఇరవై దాకా థమ్స్ అప్‌లు పడతాయి. రచనలు మాత్రం ఎప్పుడూ ఆ నలుగురైదుగురివే వస్తాయి. మిగతావాళ్ళని అడిగితే అందరిదీ ఒకటే మాట, "టైమ్ లేదు రా". ఏడాదిన్నర పాటు నేను చెప్పిందీ అదే. కానీ రేపు మిడ్ ఎగ్జామ్ పెట్టుకుని ఈ రాత్రి వెబ్ సిరీస్ మొత్తం చూసేసే జనం మనం. సంగతి టైమ్ కాదని మనకీ తెలుసు. అసలు సంగతి భయం. అది కూడా ఒక్కటి కాదు, నా వరకు మూడు రకాలు.

మొదటి భయం భాష గురించి. నేను ఎల్‌కేజీ నుంచీ ఇంగ్లిష్ మీడియం. మా బళ్ళో తెలుగు పీరియడ్‌లో తప్ప తెలుగు మాట్లాడితే ఫైన్. పదో తరగతి దాకా తెలుగు ఒక సబ్జెక్టు. ఇంటర్‌లో మార్కుల కోసం సంస్కృతం. అంటే కాగితం మీద నేను చివరిసారి తెలుగు రాసింది టెన్త్ పబ్లిక్ పరీక్షలో. ఆ తర్వాత నా తెలుగంతా ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టే చాటింగే. ఎక్కడ 'శ', ఎక్కడ 'ష', ఇది మామూలు 'ద'నా వత్తు 'ధ'నా అని ప్రతి పదం దగ్గరా ఆగుతాను. ఇలాంటివాడు కథ రాస్తానంటే తెలుగు మీడియంలో చదివిన ఫ్రెండ్స్ నవ్వరా?

ఈ భయాన్ని సగం తగ్గించింది గురజాడ అప్పారావు గారు. టెన్త్‌లో ఆయన నాకు బట్టీ పట్టాల్సిన కవి పరిచయం మాత్రమే. ఈ మధ్య తెలిసిందేంటంటే, ఆయన కూడా మొదట్లో ఇంగ్లిష్‌లోనే రాశారు. 1883లో 'సారంగధర' అని ఒక పెద్ద ఇంగ్లిష్ కావ్యం రాశారు. దాన్ని చదివిన కలకత్తా పత్రికా సంపాదకుడు శంభుచంద్ర ముఖర్జీ మెచ్చుకుంటూనే, నీ సొంత భాషలో రాయి అని సలహా ఇచ్చారు. ఆ తర్వాతే 1897లో 'కన్యాశుల్కం' పుస్తకం, 1910లో 'దిద్దుబాటు' కథ. తమాషా ఏంటంటే, జనం మాట్లాడే తెలుగులో రాసిన ఆ నాటకానికి ముందుమాట మాత్రం ఇంగ్లిష్‌లో ఉంటుంది.

'దిద్దుబాటు' కన్నా ముందే, 1902లో, 'ధనత్రయోదశి' కథ రాసిన భండారు అచ్చమాంబ గారు అసలు బడికే వెళ్ళలేదు. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు చదువుకుంటుంటే పక్కన కూర్చుని నేర్చుకున్నారు. తెలుగులో మొదటి కథ ఏది అనే చర్చ పెద్దవాళ్ళు చూసుకుంటారు. నాకు నచ్చిందల్లా, వీళ్ళిద్దరిలో ఎవరూ 'ముందు అన్నీ సరిగ్గా రానీ, తర్వాత రాద్దాం' అని కూర్చోలేదు.

ఇక వత్తుల సంగతి. ఫోన్‌లో ఇంగ్లిష్ అక్షరాలు కొడితే తెలుగు వచ్చే కీబోర్డు మనందరి దగ్గరా ఉంది. నాలుగు రోజులు కష్టంగా ఉంటుంది, ఐదో రోజు వేళ్ళకి అలవాటైపోతుంది. అనుమానం వచ్చిన పదం అమ్మకి వాయిస్ మెసేజ్ పెట్టి అడుగుతాను. అమ్మకి నా కోడింగ్ అర్థం కాదు గానీ 'శ', 'ష' తేడా మాత్రం ఠక్కున చెప్పేస్తుంది.

రెండో భయం దీని కన్నా మొండిది. మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం. మా ఇంట్లో మాట్లాడేది పుస్తకాల తెలుగు కాదు, టీవీ తెలుగు అసలే కాదు. మా తాత 'చెట్టు' అనడు, 'సెట్టు' అంటాడు. ఈ కాలేజీకి వచ్చిన మొదటి వారంలోనే "ఏటి" అన్నానని హాస్టల్లో అరగంట నవ్వారు. పాపం వాళ్ళు చెడ్డోళ్ళేం కాదు, సినిమాల్లో కామెడీకి తప్ప ఆ మాట వాళ్ళు ఎక్కడా వినలేదు. కానీ అప్పటి నుంచి నా నోట్లో 'ఏటి' కాస్తా 'ఏంటి' అయిపోయింది.

నేను రాద్దామనుకున్న కథ తాత గురించి. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను మా వైపు తీరం దాటింది. అప్పటికి నాకు పన్నెండేళ్ళు, సెలవులకి ఊళ్ళో ఉన్నాను. తెల్లారి చూస్తే మా కొబ్బరి తోటలో నిలబడినవాటి కన్నా పడిపోయినవే ఎక్కువ. కొబ్బరి మొక్క నాటితే మొదటి కాపు కోసం ఆరేడేళ్ళు ఆగాలి. తాత వయసు వాళ్ళకి ఆ లెక్క వేరేగా వినిపిస్తుంది.

కొన్ని రోజులకి నష్టం రాసుకోడానికి ఒకాయన వచ్చాడు. ఆయనకి కావాల్సింది నంబరు. తాత మాత్రం నంబరు చెప్పట్లేదు. ఒక్కో చెట్టు దగ్గరా ఆగి, "ఇది మీ నాన్న పుట్టిన ఏడు ఏసిన సెట్టు", "ఇది మీ పెద్దత్త పెళ్ళికి బొండాలు కోసిన సెట్టు", "దీని తొలి కాపు గుడికిచ్చీసినాం" అని చెప్పుకుంటూ పోతున్నాడు. చెప్తున్నది ఆయనకా నాకా తెలీదు. నా చేతిలో స్కూల్ రఫ్ నోట్‌బుక్ ఉంది. తాత ఆగిన ప్రతిచోటా ఒక గీత గీశాను. చివరికి ఆయన నా నోట్‌బుక్ చూసి నలభై మూడు అని రాసుకుని వెళ్ళిపోయాడు. ఆయన్నీ అనడానికి లేదు, ఆ రోజు ఇంకా ఎన్ని తోటలు తిరగాలో.

దీన్ని ముందు ఇంగ్లిష్‌లో రాసి చూశాను. గ్రామర్ బాగానే వచ్చింది. కానీ అందులో తాత ఎవరో సబ్‌టైటిల్స్ ఉన్న సినిమాలో ముసలాయనలా ఉన్నాడు. తర్వాత తెలుగులో, పద్ధతిగా, 'ఇది మీ నాన్న పుట్టిన సంవత్సరం నాటిన చెట్టు' అని రాశాను. వాక్యం శుభ్రంగా ఉంది, తాత లేడు. 'ఇది మీ నాన్న పుట్టిన ఏడు ఏసిన సెట్టు' అని మార్చగానే గొంతు వినపడింది.

అయినా హాస్టల్ నవ్వు గుర్తొచ్చి ఒక వారం ఆగాను. ఆ వారంలోనే లైబ్రరీలో నామిని సుబ్రహ్మణ్యం నాయుడు గారి 'పచ్చనాకు సాక్షిగా' దొరికింది. అది చిత్తూరు జిల్లా మాట. తర్వాత ఖదీర్ బాబు గారి 'దర్గామిట్ట కతలు', అది నెల్లూరు మాట. నాకు రెండూ కొత్తే, అక్కడక్కడా పదాలు అర్థం కాలేదు కూడా. కానీ ఎక్కడా ఆగలేదు, ఎక్కడా నవ్వు రాలేదు. నవ్వొచ్చిన చోట కథకే వచ్చింది, యాసకి కాదు. మా ఉత్తరాంధ్ర మాటతో రావిశాస్త్రి గారు ఎప్పుడో అంత పని చేసి వెళ్ళారని ఆ తర్వాత తెలిసింది. అంటే నేను కొత్తగా చేస్తున్న సాహసం ఏమీ లేదు, దారి ఎప్పుడో పడింది.

మనోళ్ళకి మాత్రమే నచ్చే ఒక చిన్న ప్రయోగం కూడా చేశాను. పైథాన్‌లో 'చెట్టు' అనే పదానికి లెంగ్త్ చూస్తే ఆరు వస్తుంది. మన కంటికి రెండే అక్షరాలు గానీ, యూనికోడ్‌కి చ, ఎత్వం, ట, పొల్లు, మళ్ళీ ట, కొమ్ము అని ఆరు. 'సెట్టు'కి చూస్తే అదీ ఆరే. యూటీఎఫ్-8లో రెండూ పద్దెనిమిది బైట్లే. యూనికోడ్ తెలుగుకి ఇచ్చిన 128 గళ్ళలో 'చ'కీ చోటుంది, 'స'కీ చోటుంది. మెషీన్‌కి రెండూ సమానమే. ఎక్కువ తక్కువలు మనం పెట్టుకున్నవి.

మూడో భయం గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. రాయడం సరే, రాసింది ఇంట్లో వాళ్ళు చదివితే? మన సొంత కథ అంటాం గానీ, అది మన ఒక్కరిదే కాదు. నా కథలో తాత ఉన్నాడు, నాన్న ఉన్నాడు, ఆ ఏడాది మా ఇంట్లో పడ్డ ఇబ్బందులున్నాయి. 'ధైర్యంగా రాసెయ్, ఎవరేమనుకుంటే నీకేంటి' అని సలహా ఇవ్వడం తేలిక. ఊళ్ళో తలెత్తుకు తిరగాల్సింది నేను కాదు, నాన్న.

అందుకే ఎవరికీ పంపకముందు నాన్నకి పంపాను. బ్లూ టిక్స్ పడ్డాయి. ఆ రోజు జవాబు లేదు. నిజం చెప్పాలంటే ప్లేస్‌మెంట్ ఇంటర్వ్యూకి కూడా అంత టెన్షన్ పడనేమో. మర్నాడు సాయంత్రం ఫోన్ చేసి, "ఏటిరా, అంతా గుర్తెట్టుకున్నావా" అన్నాడు. ఒక పేరా తీసెయ్యమన్నాడు. తీసేశాను. అందులో ఏముందో ఇక్కడా రాయను. తర్వాత కాసేపాగి, "పడినవి నలభై నాలుగురా" అన్నాడు. గట్టు మీద ఒక చెట్టు ఉండేదట. అది మాదా పక్కవాళ్ళదా అని ఎప్పటి నుంచో తేలలేదు. పక్కాయనకి కూడా తోట మొత్తం పోయింది కదా అని తాత దాని దగ్గర ఆగకుండా నడిచేశాడట. ఈ సంగతి నాన్న ఏడేళ్ళలో ఎప్పుడూ చెప్పలేదు. నేను కథ రాసి పంపకపోతే ఇక చెప్పేవాడు కూడా కాదు.

అప్పుడు నాకొకటి తెలిసింది. రాసింది చూపించడమంటే మన దగ్గరున్నది బయటపెట్టడమే అనుకుంటాం. చూపిస్తే ఎదుటివాళ్ళ దగ్గరున్నది కూడా మనకొస్తుంది.

తర్వాతి నెల క్లబ్ మీటింగ్‌లో కథ చదివాను. పదకొండు మంది ఉన్నారు. మొదటి పేజీ అంతా గొంతు వణికింది. 'సెట్టు' దగ్గర ఎవరూ నవ్వలేదు. అయిపోయాక ఒక సీనియర్ అక్క, "చివరి నాలుగు లైన్లు ఉపన్యాసంలా ఉన్నాయి, గట్టు చెట్టు దగ్గరే ఆపెయ్" అంది. రెండు రోజులు ముఖం మాడ్చుకుని తిరిగి, మూడో రోజు ఆ లైన్లు కొట్టేశాను. అనంతపురం నుంచి వచ్చిన మా క్లాస్‌మేట్ ఒకడు ఆ రాత్రి రూమ్‌కొచ్చి, వాళ్ళ వేరుశనగ చేను గురించి రెండు గంటలు చెప్పాడు. రాయరా అంటే "నాకు రాయడం రాదు" అన్నాడు. రెండు గంటలు నన్ను కదలనివ్వకుండా కూర్చోబెట్టినవాడు అన్న మాట అది.

మా శ్రీకాకుళంలో కథానిలయం ఉంది. 'యజ్ఞం' కథ రాసిన కాళీపట్నం రామారావు గారు, మనందరి కారా మాస్టారు, 1997 ఫిబ్రవరి 22న మొదలుపెట్టారు. తెలుగులో అచ్చయిన ప్రతి కథనీ ఒకచోట చేర్చాలన్నది ఆయన ఆలోచన. గొప్ప కథలు మాత్రమే అని కాదు, ప్రతి కథ. ఒక్క కథ రాసి ఆపేసినవాళ్ళదైనా సరే. అంత పెద్ద రచయిత, మిగతావాళ్ళు రాసినవి పోకూడదని జీవితంలో అన్నేళ్ళు పెట్టారు. నా కథ గొప్పదవుతుందా అన్న ప్రశ్న ఆ సంగతి తెలిశాక నన్ను పెద్దగా ఇబ్బంది పెట్టలేదు. ముందు అది ఉండాలి. బాగుందో లేదో తర్వాత చూసుకోవచ్చు.

భయం పూర్తిగా పోయిందని చెప్పను. ఇది టైప్ చేస్తుంటే కూడా ఉంది. కానీ పోయాక రాద్దాం అనుకుంటే డిగ్రీ అయిపోతుంది, ఆ తర్వాత ఉద్యోగం, ఆ తర్వాత ఇంకేదో. నాకు పనికొచ్చినవి మూడే. మొదటిది, కథ అనుకోకుండా పది లైన్లు రాయడం, ఇంట్లో వాళ్ళు మాట్లాడినట్టే. రెండోది, అందులో ఉన్న మనిషికి ముందు చూపించడం. మూడోది, చదివినవాళ్ళని 'ఎలా ఉంది' అని అడక్కుండా 'ఎక్కడ బోర్ కొట్టింది' అని అడగడం. ఎలా ఉందంటే అందరూ సూపర్ అంటారు, దాంతో మనకేం లాభం లేదు.

వచ్చే నెల గ్రూపులో మళ్ళీ ఆ మెసేజ్ వస్తుంది. ఈసారి థమ్స్ అప్ బదులు పది లైన్లు పెట్టండి. గ్రూపులో పెట్టడానికి మొహమాటమైతే నాకు పంపండి. యాస ఏదైనా పర్లేదు, వత్తులు ఎటు పోయినా పర్లేదు. చదువుతాను, ఎక్కడ బోర్ కొట్టిందో కూడా తప్పకుండా చెప్తాను.