మంచము క్రింది డబ్బా

గత వేసవిలో మా ఇంట జరిగిన సంగతి వ్రాయుచున్నాము. మా వరికుంటపాడు వంటి ఊళ్ళలో ఎదిగిన పిల్లలున్న ఇండ్లకు ఇది తెలియుట మంచిది.

మా రెండవవాడికి సైకిలే లోకము. లావు టైర్లు, గేర్లు ఉన్న సైకిలు. తెల్లవారుజామునే స్నేహితులతో ఉదయగిరి కొండ వైపు కంకర దారులు తొక్కి వచ్చేవాడు. కంప ముళ్ళు దిగి పంచరు కాని వారము లేదు. ఇటువంటి మట్టిదారుల పందెము 1996లో అట్లాంటా ఒలింపిక్స్‌లో చేరినదని వాడు చెబితేనే మాకు తెలిసినది.

మా ఆలయ ఆవరణలో వైద్య శిబిరము జరిగినప్పుడు వాడూ రక్తపరీక్ష చేయించుకొన్నాడు. క్రియాటినిన్ 1.5 వచ్చినది. ఆ మాట మా ఇంట చిన్నపిల్లలకు కూడ తెలుసు. మా పెద్దబావగారు మూడేండ్లు డయాలసిస్ చేయించుకొని ప్రభువు నొద్దకు వెళ్ళారు. ఆ రాత్రి మేమిద్దరము అన్నము ముట్టలేదు. మోకరించాము గాని నోట మాట రాలేదు.

మరునాడు నెల్లూరు తీసుకొనిపోయాము. డాక్టరుగారు కాగితము చూచి, వాడి తొడలు చూచి, “ఏం బాబూ, కండలకని పొడి ఏమైనా త్రాగుతున్నావా?” అన్నారు. వాడు తల వంచుకొన్నాడు. రెండు నెలలుగా మంచము క్రింద క్రియాటిన్ డబ్బా ఉన్నదట. పరీక్ష ఫీజని అడిగిన డబ్బు దానికే పోయినది.

అది మత్తుమందు కాదు, ఆటలలో నిషేధమూ లేదు. 1832లో ఫ్రాన్సు దేశపు శాస్త్రజ్ఞుడు శెవ్రెల్ మాంసములో కనుగొన్న పదార్థము. మన శరీరమే రోజుకు ఒక గ్రాము వరకు తయారుచేసుకొనును. కిలో మాంసములో నాలుగైదు గ్రాములుండును. మావాడు మొదటి వారము రోజుకు 20 గ్రాములు త్రాగాడు. అంటే నాలుగు కిలోల మాంసమంత! ఆదివారము అరకిలో కూర ఇంటిల్లిపాదీ పంచుకొనే మాకు ఆ దుఃఖములోనూ నవ్వు వచ్చినది.

ఈ క్రియాటిన్‌లో కొంత క్రియాటినిన్‌గా మారి మూత్రములో పోవును. కనుక పొడి త్రాగేవారికి మూత్రపిండాలు బాగున్నా ఆ అంకె పెరగవచ్చును. అలాగని ఊరకుండరాదని డాక్టరుగారు మూత్రపరీక్ష చేయించి, పొడి మాన్పించి, నెల తరువాత రమ్మన్నారు. ఆ నెల మాకు ఏడాదియైనది. రెండవసారి 1.0 వచ్చినది. దేవునికి స్తోత్రము! మూత్రపిండాల జబ్బు ఉన్నవారు మాత్రము డాక్టరు మాట లేకుండ దానిని ముట్టరాదని ఆయన గట్టిగా చెప్పారు.

పొడివలన లాభము లేదా అంటే, ఉన్నది. కొద్ది సెకండ్ల జోరుకు కండలో శక్తిని త్వరగా తిరిగి నింపును. గంటల తరబడి తొక్కుటకు అంతగా పనికిరాదు. పైగా కండలలో నీరు చేరి కిలో బరువు పెరగవచ్చును. “చివరి పరుగులో కాలు లేచేది నాన్నా, ఎక్కుడులోనే బరువనిపించేది” అన్నాడు వాడు.

శరీర సాధకమును గూర్చి పౌలు తిమోతికి వ్రాసిన మాట పాస్టరుగారు వాడికి చదివి వినిపించారు. అది సాధకము వద్దనే మాట కాదని కూడ చెప్పారు. మాకు నొప్పి కలిగించినది పొడి కాదు, ఫీజని చెప్పిన అబద్ధము. అయితే సైకిలు మాట ఎత్తినప్పుడెల్ల ఎగతాళి చేసినది మేమే. ఇక మాతో ఎట్లు చెప్పును?

ఇప్పుడు తెల్లవారుజామున వాడికి రెండు గ్రుడ్లు, సంగటి, సీసాతో నీళ్ళు ఇచ్చి పంపుచున్నాము. సగము మిగిలిన డబ్బా అటక మీద ఉన్నది. వాడు పారవేయలేదు, మేమూ పారవేయమనలేదు.