గాలికి తగ్గ పెట్రోలు

స్ప్లెండరో, బుల్లెట్టో, పాత యమహానో తోలిన ఇళ్లల్లో కార్బురేటర్ పేరు తెలియనివాళ్లు ఉండరు. చలికాలం పొద్దున్నే చోక్ లాగి, నాలుగు కిక్కులు కొట్టినా బండి లేవకపోతే "కార్బురేటర్‌లో చెత్త పడినట్టుంది" అనేస్తాం. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 వచ్చాక కొత్త బళ్లలో దాని చోటుని ఫ్యూయల్ ఇంజెక్షన్ తీసేసుకుంది. విజయవాడ ఆటోనగర్‌లో మా షెడ్డుకి వచ్చే కుర్ర మెకానిక్కుల్లో జెట్ విప్పి చూడటం తెలిసినవాళ్లు తగ్గిపోతున్నారు. ఈ విద్య నాతోనే ఆగిపోతుందేమో అనుకుంటున్న రోజుల్లో మా అక్క కొడుకు వచ్చాడు. మెకానికల్ ఇంజినీరింగ్ మూడో ఏడు.

"మావయ్యా, నాన్న బుల్లెట్‌కి టర్బో పెడదామా?" అన్నాడు.

బావగారు పోయి రెండేళ్లు. 346 సీసీ పాత బుల్లెట్ అది, ఆయన ప్రాణం. వద్దంటే వీడు ఇంకో షెడ్డుకి పోతాడు. అక్కడ ఎవరో ఏదో బిగించి పంపిస్తే వాడు హైవే ఎక్కుతాడు. అందుకే వద్దనలేదు. "ముందు కార్బురేటర్ ఏం చేస్తుందో నాకు చెప్పు. టర్బో సంగతి తర్వాత చూద్దాం" అన్నాను.

"ఇంజిన్ పెట్రోలుని పీలుస్తుంది" అన్నాడు. చాలామంది అలాగే అంటారు. నిజానికి పెట్రోలుని ఎవరూ పీల్చరు, వెనక నుంచి నెడతారు. కాలువ ఇరుకైన చోట నీళ్లు ఉరికినట్టే, కార్బురేటర్ గొంతు సన్నబడిన చోట గాలి జోరందుకుంటుంది. జోరు పెరిగిన చోట ఒత్తిడి పడిపోతుంది. కింద ఫ్లోట్ బౌల్‌లో ఉన్న పెట్రోలు మీద మాత్రం బయటి గాలి మామూలుగానే నొక్కుతూ ఉంటుంది. ఆ తేడాకి పెట్రోలు జెట్‌లోంచి పైకి లేచి తుంపరై గాలిలో కలుస్తుంది. దోమల మందు కొట్టే పాత ఫ్లిట్ పంపు చేసేదీ ఇదే పని. బౌల్‌కి బయటి గాలి తగలడానికి ఒక సన్న గొట్టం ఉంటుంది. ఎవరూ పట్టించుకోరు గానీ మొత్తం కథ దాని మీదే నడుస్తుంది.

ఇప్పుడు టర్బో సంగతి. పొగ గొట్టంలోంచి పోయే వేడి వాయువుతో ఒక చక్రం తిరిగి, అదే ఇరుసు మీదున్న ఇంకో చక్రంతో గాలిని కుక్కి ఇంజిన్‌లోకి పంపిస్తుంది. కార్బురేటర్‌ని టర్బోకి ముందు పెట్టొచ్చు, లేదా తర్వాత పెట్టొచ్చు. 1978లో వచ్చిన కవాసాకి జెడ్1ఆర్-టీసీలో ముందు పెట్టారు. దాంట్లో బౌల్‌కి ఇబ్బంది ఉండదు గానీ, పెట్రోలు కలిసిన గాలి టర్బోలోంచీ గొట్టాల్లోంచీ అంత దూరం రావాలి. ఇంజిన్ ఒక్కసారి వెనక్కి పేలిందంటే గొట్టం నిండా ఉన్నది మందుగుండే. 1982 యమహా ఎక్స్‌జే650 టర్బోలో కార్బురేటర్లని టర్బో తర్వాత పెట్టారు. అప్పట్లో హోండా, సుజుకీ కూడా టర్బో బళ్లు తెచ్చాయి గానీ అవి ఇంజెక్షన్ బళ్లు. కొన్నేళ్లకే అందరూ ఆ ఆట మానేశారు.

మావాడు యమహా పద్ధతే కావాలన్నాడు. "సరే, లెక్క వెయ్యి" అన్నాను.

మొదటి చిక్కు ఆ సన్న గొట్టం దగ్గరే. కార్బురేటర్ గొంతులోకి 7 పీఎస్ఐ అదనపు ఒత్తిడితో గాలి వస్తుంటే, బౌల్‌లో మాత్రం బయటి గాలే ఉంటే ఏమవుతుంది? పెట్రోలు పైకి లేవకపోగా గాలే జెట్‌లోంచి కిందకి దిగి బౌల్‌లో బుడగలు వేస్తుంది. బండి అక్కడికక్కడే ఆగిపోతుంది. కాబట్టి ఆ గొట్టాన్ని కూడా టర్బో గాలికే కలపాలి. స్లైడ్ పక్కన, కేబుల్ దగ్గర గాలి లీకయ్యే చోట్లన్నీ బిగించాలి.

రెండోది ట్యాంకు. మన బళ్లలో పెట్రోలు పైనుంచి దానంతటదే దిగుతుంది. బౌల్‌లోనే 7 పీఎస్ఐ ఉంటే ట్యాంకు ఎంత ఎత్తున ఉండాలి? వాడు కాగితం మీద లెక్కేసి తలెత్తి నవ్వాడు. ఆరున్నర మీటర్లు! బండి రోడ్డు మీద, ట్యాంకు రెండో అంతస్తు మీద అన్నమాట. అంటే చిన్న పంపు కావాలి, దానికి టర్బో ఒత్తిడి కంటే ఎప్పుడూ రెండు మూడు పీఎస్ఐ మాత్రమే ఎక్కువ ఉంచే రెగ్యులేటర్ కావాలి. మరీ ఎక్కువైతే ఫ్లోట్ సూది ఆగలేక పెట్రోలు పొంగి పొర్లుతుంది, పక్కనే ఎర్రగా కాలిన టర్బో ఉంటుంది. ఇక్కడ వాడి నవ్వు ఆగింది.

అసలు ప్రమాదం మూడోది. 7 పీఎస్ఐ అంటే వేడి సంగతి పక్కన పెడితే గాలి దాదాపు ఒకటిన్నర రెట్లు చిక్కబడుతుంది. పెట్రోలు కూడా ఒకటిన్నర రెట్లు రావాలి కదా? రాదు. జెట్‌లోంచి వచ్చే పెట్రోలు ఒత్తిడి తేడాకి వర్గమూలం లెక్కన పెరుగుతుంది. అంటే 1.2 రెట్లే. ఒక వంతు పెట్రోలుకి 13 వంతుల గాలితో నడుస్తున్న ఇంజిన్ దాదాపు 16 వంతుల దగ్గరికి పోతుంది. కుక్కిన గాలికి చల్లదనం కోసం పెట్రోలు ఇంకా ఎక్కువ కావాల్సిన సమయంలోనే తగ్గుతుందన్నమాట. అప్పుడు ఇంజిన్ టకటకా కొట్టుకుంటుంది, ఆ తర్వాత పిస్టన్‌కి కన్నం. లద్దాఖ్ వెళ్లిన పాత బుల్లెట్లు నల్లపొగ వదిలేది కూడా ఈ సూత్రం వల్లే. అక్కడ గాలి పలచబడినంతగా పెట్రోలు తగ్గదు. ఇక్కడ గాలి చిక్కబడినంతగా పెట్రోలు పెరగదు. అందుకే పెద్ద జెట్, ఆలస్యంగా పడే నిప్పురవ్వ, తక్కువ బూస్ట్. ఈ మూడూ కుదరకుండా యాక్సిలరేటర్ తిప్పకూడదు.

టర్బో కోసం పాత డీజిల్ కారుది తెస్తానన్నాడు. అదీ లెక్కేయించాను. 5,000 చుట్ల దగ్గర బుల్లెట్ పీల్చే గాలిని 1,300 సీసీ కారు 1,300 చుట్లకే పీలుస్తుంది. ఆ జోరుకి కారు టర్బో సరిగ్గా మేలుకోదు కూడా. జపాన్‌లో 660 సీసీ బుల్లి కార్లకి వాడేంత చిన్నది కావాలి. పైగా ఒంటి సిలిండర్, రెండు చుట్లకి ఒక్కసారే గుక్క పీలుస్తుంది. మధ్యలో గాలి నిలవ ఉండటానికి ఒక రేకు డబ్బా పెట్టాలి.

అప్పటికే అక్క రెండుసార్లు ఫోన్ చేసింది. "ఒరేయ్ తమ్ముడూ, బండి పోయినా పర్లేదురా. వీడు దాని మీద ఎక్కకూడదు" అంది. నేను వాడికి రెండు షరతులు పెట్టాను. బావగారి బండి జోలికి వెళ్లకూడదు, షెడ్డు మూల పడున్న తుక్కు ఇంజిన్ వాడుకో. అది స్టాండ్ మీదే నడవాలి, రోడ్డు ఎక్కకూడదు. కంపెనీ ఇచ్చిన ఇంజిన్‌ని ఇలా మార్చి తిప్పడాన్ని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒప్పుకోదు. చట్టం ఒప్పుకున్నా బుల్లెట్ బ్రేకులు ఒప్పుకోవు.

వాడు మూడు నెలలు ఆదివారాలన్నీ షెడ్డులోనే ఉన్నాడు. ఇంజిన్ 4 పీఎస్ఐ దగ్గర కాసేపు నిలకడగా తిరిగింది. ఆపేసి ప్లగ్ విప్పి చూస్తే కాఫీ పొడి రంగు. వాడు ఎగిరి గంతేస్తాడనుకున్నాను. ప్లగ్‌ని వెలుతురుకి పట్టి, "ఇంకో సైజు పెద్ద జెట్ వేద్దాం మావయ్యా, ఎందుకైనా మంచిది" అన్నాడు. బండి బాగు చేయడం వచ్చినవాడి మాట అది. ఆ రాత్రి అక్కకి ఫోన్ చేసి, బావగారి బుల్లెట్ తాళాలు ఇక వాడికి ఇవ్వొచ్చని చెప్పాను.