ఏ బీచ్ మంచిగుంటది సార్?



మా డిగ్రీ ఫైనలియర్ పిల్లలు టూర్ పోదామనుకుంటున్నరు. మొన్న క్లాసు అయిపోయినంక ఒక అమ్మాయి లేచి అడిగింది: "సార్, ఆంధ్రల ఏ బీచ్ మంచిగుంటది?"

మా రామారెడ్డి దిక్కు పిల్లలకు ఇది చిన్న ప్రశ్న కాదు. మాకు సముద్రం లేదు. సాగర్లు ఉన్నయి. నిజాంసాగర్ గేట్లు ఎత్తిన్రంటే సద్దులు కట్టుకొని పోయి చూసొచ్చేటోళ్లం. చిన్నప్పుడు సముద్రమంటే అదే అనుకున్న.

నాకు తెలిసింది చెప్పిన. విశాఖలో ఆర్కే బీచ్ చూడటానికి బాగుంటది, దిగితే మాత్రం అలలు లోపలికి గుంజుకపోతయి. రుషికొండకు 2020లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చింది. భీమిలిలో గోస్తనీ నది సముద్రంలో కలుస్తది, డచ్చివాళ్ల పాత సమాధులు ఉంటయి. మచిలీపట్నం పక్కన మంగినపూడిలో నల్లమన్ను, లోతు తక్కువ. ఉప్పాడలో సముద్రమే ఊరిని కోసుకతింటున్నది, మనం సెల్ఫీలు దిగే కాడ జాలరోళ్ల ఇండ్లు కూలిపోయినయి. ఇగ మన తెలంగాణోళ్లకు దగ్గర పడేవి బాపట్ల సూర్యలంక, చీరాల వాడరేవు, దాని పక్కనే రామాపురం. శని, ఆదివారాలు అక్కడ మన నంబర్ల కార్లు చానా కనపడతయి.

"మీరు ఎన్ని చూసిన్రు సార్?" అన్నది.

నిజం చెప్పాల్సి వచ్చింది. ప్రబంధాలకు చెప్పిన అష్టాదశ వర్ణనల్లో సముద్రం ఒకటి. అది బట్టీ పట్టి నెట్ రాసిన, పీహెచ్‌డీ చేసిన. సముద్రాన్ని చూసింది మాత్రం ముప్పై మూడేండ్లకు. సముద్రయానం చేసినోడు కులం నుంచి పతితుడైతడని బౌధాయనుడు రాసిపెట్టిండు. మా చిన్నబాపు దుబాయ్ పోయి పదకొండేండ్లు పనిచేసొచ్చిండు, ఆయన కులమేమీ పోలేదు. పోతే బాగుండు. అక్కడ సముద్రం పక్కనే బిల్డింగులు కట్టిండట గానీ, ఒక్కనాడు నీళ్లల్ల కాలు పెట్టలేదట. "శుక్రవారం ఒక్కటే సెలవు. బట్టలు పిండుకొని పండుకునేటోళ్లం" అంటడు.

నేను చూసింది సూర్యలంక. అమ్మను తీసుకపోయిన. సికింద్రాబాద్‌లో రాత్రి రైలెక్కినం. తెల్లారంగ తెనాలి దాటినంక కిటికీలోంచి చుండూరు బోర్డు కనపడ్డది. 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితులను నరికి చంపిన ఊరు. శవాలను గోనె సంచుల్లో కట్టి కాలువలో వేసిన్రు. రైలు ఆగలేదు. అమ్మకు చెప్పలేదు, నిద్రలో ఉన్నది.

బాపట్లలో మాకు రూమ్ చూపించిన పెద్దాయన ఆధార్ కార్డులు అటూ ఇటూ తిప్పి, "మీరేమిట్లండీ?" అన్నడు. ఆధార్‌లో ఉండనిది అదొక్కటే కదా. చెప్పిన. రూమ్ ఇచ్చిండు గానీ మళ్ల మా దిక్కు చూడలేదు.

ఊరు నుంచి బీచ్ తొమ్మిది కిలోమీటర్లు, ఆటోలో పోయినం. అమ్మ చెప్పులు చేత పట్టుకొని ఇసుకలో నడిచింది. నీళ్లు ఇంకో పది అడుగుల దూరం ఉండంగ ఆగిపోయింది. భయమేమో అనుకున్న. కాదు. నా దిక్కు తిరిగి మెల్లగ అడిగింది: "బిడ్డా, దిగితే ఎవలన్న ఏమన్న అంటరా?"

నాకు మాట రాలేదు. అమ్మ పుట్టిన ఊరిలో మాదిగోళ్లు ఊరబావిని ముట్టొద్దు. బిందె కింద పెట్టి దూరంగ నిలబడాలె. ఎవరన్నా దయతలిచి చేదితే నీళ్లు, లేకుంటే ఎండ. పెండ్లయ్యేదాకా అమ్మ అట్ల నిలబడ్డది. ఇక్కడ కూడా అట్లనే నిలబడ్డది, కొంగు నడుముకు చెక్కుకొని. ఇంతల్నే ఒక పెద్ద అల వచ్చి మోకాళ్లదాకా తడిపింది. కెవ్వుమని నవ్వింది. అమ్మ అట్ల నవ్వంగ నేను ఎన్నడూ చూడలేదు. ఆ తర్వాత రెండు గంటలు బయటికి రమ్మంటే రాలేదు.

నేను మాత్రం మోకాళ్ల లోతు దాటలేదు. నాకు ఈత రాదు. మా వాడలో ఎవరికీ రాదు. మా ఊరి పిల్లలు వ్యవసాయ బావుల్లో సొరకాయ బుర్ర కట్టుకొని నేర్చుకున్నరు, ఆ బావుల్లో మమ్మల్ని దిగనియ్యలేదు. సూర్యలంక, రామాపురంలో పిల్లలు మునిగిపోయిన వార్త చూసినప్పుడల్లా నాకు ఇదే గుర్తుకొస్తది. అందుకే మా పిల్లలకు చెప్పిన: నడుము లోతు దాటొద్దు, మెరైన్ పోలీసులు ఈల వేస్తే మారు మాట్లాడకుండ బయటికి రావాలె, మందు తాగినోడు బస్సు దిగొద్దు.

రెండోనాడు వాడరేవు పోయినం. పడవలు, ఎండబెట్టిన చేపలు, వలలు బాగుచేసుకుంటున్న మనుషులు. సూర్యలంక కంటే నాకు ఇదే నచ్చింది. అక్కడి నుంచి చీరాలకు తిరిగొస్తుంటే ఆటో ఆయనను కారంచేడు ఎంత దూరమని అడిగిన. "ఎంతోలేదు, పక్కనేనండీ. అక్కడ చూడ్డానికేముంది?" అన్నడు.

1985 జూలై 16న అక్కడ మాదిగలు తాగే చెరువులో మురికి కలపొద్దని కత్తి చంద్రయ్య అడ్డం చెప్పిండు. ఆయనను కొడుతుంటే, నీళ్లకు వచ్చిన మున్నంగి సువార్త బిందె ఎత్తింది. తెల్లారి కమ్మ భూస్వాములు మాదిగపల్లె మీద పడి ఆరుగురిని చంపిన్రు. బతికినోళ్లు చీరాలకు ఉరికొచ్చిన్రు. దళిత మహాసభ పుట్టింది ఆ పోరాటంలోంచే. క్లాసులో పదిసార్లు చెప్పిన కథ ఇది. పది కిలోమీటర్లు కూడా లేని దూరంలో ఉండి పోలేదు. అమ్మ ముందురోజు నవ్విన నవ్వు ఇంకా మొఖం మీదనే ఉండె. చెరువు కథ చెప్పి దాన్ని చెడగొట్టబుద్ధి కాలేదు. తప్పే చేసిన్నేమో.

ఇదంతా విన్నంక పిల్లలు కొంచెంసేపు చప్పుడు చేయలేదు. ప్రశ్న అడిగిన అమ్మాయి టూర్ కాగితం తీసి, సూర్యలంకకూ వాడరేవుకూ మధ్యలో "కారంచేడు, పొద్దుగాల 9" అని రాసింది. డ్రైవర్‌తోని మాట్లాడే పని నాది.

బస్సులో ఇంకా మూడు సీట్లు ఉన్నయి. అమ్మ ఒకటి ఆపమన్నది.