బావి నీరు – తేదీల లెక్క

గోడ కేలండరు మీద పాల లెక్క వ్రాసుకోని తెలుగు ఇల్లు అరుదు. పాలు పోయని రోజున గడి ఖాళీగా ఉంటుంది గాని మాయమైపోదు. నెలాఖరున లెక్క కుదిరేది ఆ ఖాళీ గడుల వల్లనే. కంప్యూటరులో తేదీలు పెట్టి గీతపటము గీసేవారు ఈ సంగతి జ్ఞాపకముంచుకోవలెనని మా మనవి.

డొరగుడలో మా నాలుగు తెలుగు కుటుంబాలకు ఒకటే బావి. వేసవిలోగా పూడిక తీయించి ఊరుకోవడమా, లేక మరి నాలుగు వరలు కూడా దింపించడమా అని ఈ ఏడు పెద్ద చర్చ వచ్చినది. ఖర్చు నలుగురూ భరించవలసినదే. నీటి మట్టము తాడుతో కొలిచి పుస్తకములో వ్రాసే అలవాటు మాకున్నది. వానాకాలములో పిల్లలు సరదాకొద్దీ రోజూ కొలిచారు. దసరా తరువాత వారానికొకసారి, సంక్రాంతి దాటాక నెలకొకసారి కొలత సాగినది.

ఆ లెక్కను ఎక్సెల్‌లోకి ఎక్కించి గీత గీయగా, వానాకాలమే పటమంతా ఆక్రమించినది. తక్కిన నెలలన్నీ కుడి మూలన ఇరుక్కున్నవి. అక్కడ నీరు కొండమీదినుండి దూకినట్లు పడిపోయినది! అది చూచి, వరలవాణ్ణి రేపే పిలవాలన్నారు ఒక ఇంటివారు.

ఏమి జరిగినదంటే, పుస్తకములో ఉన్నట్లే తేదీలను చుక్కలతో కొట్టడంవల్ల యంత్రము వాటిని వట్టి అక్షరాలుగా తీసుకొన్నది. అక్షరాలైతే ఒక్కొక్క దానికి సమానమైన చోటు ఇస్తుంది. ఒక రోజు ఎడమైనా, నెల ఎడమైనా దానికొకటే.

నిజమైన తేదీ యంత్రానికి ఒక సంఖ్య. 1900 జనవరి 1 ఒకటి; 2000 జనవరి 1 అయితే 36526. సంఖ్య అయిన తేదీ మామూలుగా గడిలో కుడివైపుకు, అక్షరమైనది ఎడమవైపుకు ఒదుగుతుంది. పరీక్ష ఇంతే. అమెరికా పద్ధతి అమరిక ఉంటే మరొక ప్రమాదము: 5/8 అని కొడితే ఆగస్టు అయిదు కాస్తా మే ఎనిమిది అవుతుంది.

'టెక్స్ట్ టు కాలమ్స్' ద్వారా రోజు, నెల, సంవత్సరము అనే వరుస చెప్పి తేదీలను మార్చవచ్చును. తరువాత పటము అడుగు గీతమీద కుడి మీట నొక్కి, 'ఫార్మాట్ యాక్సిస్'లో 'డేట్ యాక్సిస్' ఎంచుకోవలె. మూల ప్రమాణము రోజులుగానే ఉంచి, పేర్లు మాత్రము నెలకొకటి చొప్పున కనబడేటట్లు చేయవలె. మూల ప్రమాణమే నెల అయితే ఆ నెల కొలతలన్నీ ఒకే నిలువు గీతమీద పడతవి. కొలిచిన రోజున చుక్క కూడా పెట్టించడం మంచిది. రెండు చుక్కల నడుమ గీత మన ఊహే గాని కొలత కాదు.

ఇట్లా సరిచేశాక నీరు మెల్లగా, ఒకే తీరున తగ్గుతున్నదని తేలినది. అయినా నిశ్చింతగా ఉండడానికి లేదు. ఆ వాలునే ముందుకు సాగదీస్తే మే నెలలో బావి అడుగు కనబడేటట్లున్నది. కనుక ఇప్పుడు పూడిక తీయించి, వరల మాట మరుసటి వేసవి కొలతలు చూచి నిర్ణయించుకొందామని నలుగురూ ఒప్పుకొన్నారు.

ఇంకొక చిక్కున్నది. 1900కు ముందటి తేదీలను ఎక్సెల్ తేదీలుగా గుర్తించదు. ఈ సీమ 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేవరకు మద్రాసు రాజధానిలోని విశాఖపట్నం జిల్లాది. తాతలనాటి కాగితాలున్నవారు వాటి సంవత్సరాలను వట్టి అంకెలుగా వ్రాసి, 'స్కాటర్' పటము గీసుకోవలె.

ఏడాది అంటే ఒకటే నిడివి అనుకోవద్దు. 2023 ఉగాది నుండి 2024 ఉగాదికి, నడుమ అధిక మాసము రావడంచేత, 384 రోజులు. అక్కడినుండి 2025 ఉగాదికి 355 మాత్రమే. రెంటినీ సమానమైన ఎడముతో గీస్తే పండుగకేమీ లోటు లేదు. బావికి మాత్రము ఆ 29 రోజులూ తోడుకొన్న నీళ్లే.